గీత ఇచ్చి సమీకరణం రాయమంటే చేయి ఆడటం లేదు

ప్రశ్న: సమీకరణం ఇస్తే గ్రాఫ్ గీసేస్తాను. పట్టిక వేసుకుని, నాలుగు బిందువులు గుర్తించి, స్కేలు ఆనించి గీత లాగడం నాకు ఇష్టం కూడా. కానీ గీత ముందే గీసి ఇచ్చి దాని సమీకరణం రాయమంటే చేయి ఆడదు. మొన్న పరీక్షలో ఇచ్చిన గీత వై-అక్షాన్ని 6 దగ్గర, ఎక్స్-అక్షాన్ని 4 దగ్గర ఖండిస్తోంది. నేను వై = (2/3)ఎక్స్ + 4 అని రాశాను. ఒక్క మార్కు కూడా రాలేదు. జవాబుల పత్రంలో 3ఎక్స్ + 2వై = 12 అని ఉంది. నేను రాసినదానికీ దానికీ ఎక్కడా పోలికే లేదు. వాలు-అంతరఖండ రూపం, బిందు-వాలు రూపం, రెండు బిందువుల రూపం, అంతరఖండ రూపం అన్నీ బట్టీపట్టాను. ఏది ఎక్కడ వాడాలో మాత్రం తెలియడం లేదు. గ్రాఫ్ కనబడితే చాలు, టెన్షన్ మొదలవుతోంది. ఏం చేయాలి? – ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం చదివి, నువ్వు చెప్పిన గీతను గ్రాఫ్ పేపర్ మీద గీసి నా ముందు పెట్టుకున్నాను. నువ్వు కూడా ఒక కాగితం తీసుకుని అదే గీత గీసుకో. మిగతాది దాన్ని చూస్తూ చదివితే బాగా అర్థమవుతుంది.

ముందు నీ జవాబునే తీసుకుందాం. వై = (2/3)ఎక్స్ + 4. ఇందులో ఎక్స్ బదులు 0 పెట్టు. వై 4 వస్తుంది. అంటే నువ్వు రాసిన సమీకరణానికి చెందిన గీత వై-అక్షాన్ని 4 దగ్గర దాటుతుంది. పరీక్షలో ఇచ్చిన గీత 6 దగ్గర దాటుతోంది. అక్కడితోనే తేలిపోయింది, ఇది ఆ గీత కాదని. ఇంకొక చోట కూడా చూడు. ఎక్స్ బదులు 4 పెడితే నీ సమీకరణంలో వై ఆరున్నర పైన వస్తుంది. కాగితం మీద అదే చోట గీత ఎక్స్-అక్షాన్ని తాకి ఉంది, అంటే అక్కడ వై సున్నా. ఈ రెండు పరీక్షలకూ కలిపి అర నిమిషం కూడా పట్టదు. సూత్రాలన్నీ నోటికి వచ్చిన నీకు ఈ అర నిమిషం పని ఎవరూ అలవాటు చేయలేదు. నాకు బాధ కలిగించింది అదే. ఎందుకంటే గీత నుంచి సమీకరణం రాయడంలో ఒక గొప్ప సదుపాయం ఉంది. జవాబు ఒప్పో తప్పో చెప్పడానికి మరొకరు అక్కర్లేదు. గీత నీ ఎదురుగానే ఉంటుంది, దాన్నే అడగవచ్చు.

అలా అడగాలంటే సమీకరణం అసలు ఏం చెబుతుందో తెలియాలి. 3ఎక్స్ + 2వై = 12 అన్నది ఒక షరతు. ఏ బిందువైనా సరే, దాని ఎక్స్ విలువను మూడు రెట్లు చేసి, వై విలువను రెండు రెట్లు చేసి, రెండూ కలిపితే 12 రావాలి. వస్తే ఆ బిందువు గీత మీద ఉన్నట్టు. (2, 3) తీసుకో. ఆరు, ఆరు కలిపి పన్నెండు. (4, 0) తీసుకుంటే పన్నెండు, సున్నా. (1, 4.5) దగ్గర మూడు, తొమ్మిది. మూడూ గీత మీదే ఉన్నాయి, నీ కాగితం మీద చూసుకో. ఇప్పుడు (3, 3) పెట్టు. తొమ్మిది, ఆరు కలిపి పదిహేను. ఆ బిందువు గీతకు పైన ఉంటుంది. (1, 2) పెడితే ఏడు వస్తుంది. అది గీతకు కింద ఉంటుంది. నీ కాగితం మీద ఈ గీతకు పైనున్న ఏ బిందువు తీసుకున్నా 12 కంటే ఎక్కువ వస్తుంది, కిందనున్న ఏ బిందువు తీసుకున్నా తక్కువ వస్తుంది. సరిగ్గా 12 వచ్చే బిందువులన్నీ వరుసగా నిలబడితే అదే మన గీత. ఓ పది బిందువులకు ఇలా వేసి చూడు. సమీకరణం అంటే ఉన్న భయం చాలావరకు అక్కడే పోతుంది.

సమీకరణం ఇచ్చినప్పుడు నువ్వు వేసే పట్టిక ఏమిటి? షరతుకు లోబడే బిందువులను వెతకడమే. గీత ఇచ్చినప్పుడు బిందువులు ముందే కనబడుతున్నాయి, అవి లోబడే షరతును వెతకాలి. మొదటిది నీకు బాగా వచ్చు. అందుకే రెండోది కూడా వస్తుందని నమ్మకంగా చెబుతున్నాను.

ఈ రెండింటినీ కలిపిన ఆలోచన అంత పాతదేమీ కాదు. యూక్లిడ్ రేఖాగణితం రెండు వేల ఏళ్లకు పైగా ఉంది. అందులో రెండు బిందువులను కలుపుతూ గీత గీయవచ్చన్నది మొట్టమొదటి స్వీకృతం, అంటే నిరూపణ లేకుండా ఒప్పుకునే మాట. కానీ ఆ గీతకు సమీకరణం లేదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో రెనె డెకార్ట్, పియర్ ద ఫెర్మా అనే ఇద్దరు విడివిడిగా ఈ దారి తొక్కారు. డెకార్ట్ రాసింది 1637లో అచ్చయింది. ఫెర్మా రాతప్రతి కూడా ఆ కాలానిదే, కానీ ఆయన 1665లో చనిపోయాక, 1679లో గానీ అచ్చు కాలేదు. రెండు తెలియని రాశులతో ఉన్న మొదటి ఘాత సమీకరణం సరళరేఖనే ఇస్తుందని ఫెర్మా అందులో రాశాడు. వర్గాలు, ఘనాలు లేకుండా ఎక్స్, వై మామూలుగా ఉంటే చాలు, గీత వంకర పోదన్నమాట. నీకు పరీక్షలో ఇచ్చిన గీత వంపు లేకుండా తిన్నగా ఉంది కాబట్టి దాని సమీకరణంలో వర్గాలు ఉండవని ముందే తెలుస్తుంది. తేల్చాల్సినవి రెండే రెండు: గీత ఎటు, ఎంతగా వాలింది, ఎక్కడి గుండా పోతోంది.

వాలు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, నీ మొదటి పొరపాటు అక్కడే జరిగింది. పెన్సిల్ మొన (0, 6) మీద పెట్టు. గీత మీద కాకుండా గళ్ల వెంట నడుద్దాం. కుడివైపుకు ఒక యూనిట్ జరుపు. గీత ఎక్కడుందో చూడటానికి కిందికి దిగు. నాలుగున్నర దగ్గర తగిలింది. అంటే ఒకటి పక్కకు జరిగితే ఒకటిన్నర కిందికి దిగింది. ఇంకొకటి పక్కకు జరుపు, మళ్లీ ఒకటిన్నర దిగాలి. ఇప్పుడు (2, 3) దగ్గర ఉన్నాం. ఇక్కడ గీత సరిగ్గా గళ్ల మూల మీదుగా పోతోంది. ఇంకో రెండు పక్కకు, మూడు కిందికి వేస్తే (4, 0). ఎక్కడ మొదలుపెట్టినా, ఎన్ని అడుగులు వేసినా, పక్కకు రెండు పోతే కిందికి మూడు. గీత వంపు లేకుండా ఉండటం అంటే ఇదే. నువ్వు వేసిన అడుగుల కింద ఏర్పడ్డ త్రిభుజాలు చిన్నవైనా పెద్దవైనా అన్నీ సరూప త్రిభుజాలు, అందుకే ఆ నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తినే వాలు అంటున్నాం. ఇక్కడ అది −3/2.

నీకు 2/3 ఎలా వచ్చిందో ఊహించగలను. 4, 6 చూశావు, 4/6 చేశావు, కుదించావు. అంటే అడ్డం మార్పును నిలువు మార్పుతో భాగించావు. ఇది చాలామంది చేసే పొరపాటు. నిలువు పైన, అడ్డం కింద అని బట్టీపట్టినవాళ్లు కూడా పరీక్ష హాల్లో తారుమారు చేస్తారు. బట్టీ బదులు ఒక ప్రశ్న గుర్తుపెట్టుకో: ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుంది? ఈ ప్రశ్న వేసుకుంటే తారుమారు కావడం కష్టం. నీ గీతలో ఎక్స్ 4 పెరిగితే వై 6 తగ్గింది. మరి ఒకటి పెరిగితే? ఆరును నాలుగు భాగాలు చేయాలి. ఒకటిన్నర. సూత్రం చూడకుండానే జవాబు వచ్చింది.

రెండో పొరపాటు గుర్తు. గీతను ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి చదవాలి, మనం వాక్యం చదివినట్టే. అలా చదువుతుంటే గీత పైకి ఎక్కితే వాలు ధనాత్మకం, కిందికి దిగితే రుణాత్మకం. లెక్క మొదలుపెట్టక ముందే గీతను చూసి, దిగుతోందంటే కాగితం అంచున ఒక మైనస్ రాసి పెట్టుకో. చివరికి వాలుకు ఆ గుర్తు రాకపోతే మధ్యలో ఏదో జారిందని తెలుస్తుంది. నీ జవాబు చెప్పే గీత పైకి ఎక్కుతోంది, ఇచ్చిన గీత కిందికి దిగుతోంది. ఇది కంటికే తెలిసే తేడా.

ఇక మూడోది, చివర రాసిన 4. వై = ఎమ్ × ఎక్స్ + సి అన్నప్పుడు ఎమ్ అంటే వాలు, మరి ఆ సి ఎక్కడి నుంచి వచ్చింది? వై-అక్షం మీద నిలబడితే ఎక్స్ సున్నా. అప్పుడు ఎమ్ × ఎక్స్ అనే ముక్క మొత్తం పోతుంది, మిగిలేది సి ఒక్కటే. కాబట్టి గీత వై-అక్షాన్ని ఖండించే చోట ఉండే విలువే సి. నీ గీతకు అది 6. రెండు అక్షాల మీద ఖండనలనూ అంతరఖండాలే అంటారు కాబట్టి నువ్వు రెండోదాన్ని తెచ్చి పెట్టావు. ఇక మీదట ఆ పదం దగ్గర ఆగి, ఏ అక్షం మీద అని అడుగు. నెట్‌లో వీడియోలు చూస్తే కొందరు సి బదులు బి అని రాస్తారు, అమెరికా పుస్తకాల్లో అలా ఉంటుంది. దానికి కంగారు పడకు.

అన్నీ సరిచేస్తే వై = −(3/2)ఎక్స్ + 6. మరి జవాబుల పత్రంలో 3ఎక్స్ + 2వై = 12 అని ఎందుకుంది? ఈ సరిచేసిన సమీకరణాన్ని రెండు వైపులా 2తో గుణించు. 2వై = −3ఎక్స్ + 12. ఎక్స్ ముక్కను ఎడమకు తీసుకురా. 3ఎక్స్ + 2వై = 12. షరతు మారలేదు, రాసిన తీరు మారింది. ఒకే మనిషి నిలబడి ఒక ఫొటో, కూర్చుని ఒక ఫొటో దిగినట్టు. రెండు సమీకరణాలు ఒకే గీతవా కాదా అని అనుమానం వస్తే, గీత మీద రెండు వేర్వేరు బిందువులు తీసుకుని రెండింటిలోనూ వేసి చూడు. రెండు బిందువులూ రెండు సమీకరణాల్లోనూ సరిపోతే అవి ఒకే గీత, ఎందుకంటే రెండు బిందువుల గుండా ఒకే ఒక్క సరళరేఖ పోతుంది.

ఇప్పుడు నువ్వు బట్టీపట్టిన రూపాల సంగతి. వాటిని విడివిడిగా మోయక్కర్లేదు. మనం ఇంతవరకూ చెప్పుకున్న ఒక్క మాటలోంచి అన్నీ వస్తాయి. గీత మీద ఏ రెండు బిందువుల మధ్య చూసినా వాలు ఒకటే, అంతే. తెలిసిన బిందువు (0, 6), గీత మీద ఎక్కడో ఉన్న బిందువు (ఎక్స్, వై). వాటి మధ్య నిలువు మార్పు వై − 6, అడ్డం మార్పు ఎక్స్ − 0. ఆ నిష్పత్తి −3/2 కావాలి. వై − 6 = −(3/2)ఎక్స్. ఇది బిందు-వాలు రూపం. ఆరును ఇటు తెస్తే వాలు-అంతరఖండ రూపం. వాలు తెలియక, రెండు బిందువులే తెలిస్తే ముందు వాటి మధ్య వాలు కట్టి ఇదే పని చేస్తాం, దానికి పెట్టిన పేరు రెండు బిందువుల రూపం. అంతరఖండ రూపంలో నీ గీత ఎక్స్/4 + వై/6 = 1 అవుతుంది. రెండు వైపులా 12తో గుణిస్తే మళ్లీ 3ఎక్స్ + 2వై = 12. నీ లెక్కలో రెండు అంతరఖండాలూ ఇచ్చారు కాబట్టి ఈ రూపం వాడితే ఒక్క వరుసలో అయిపోయేది. కానీ ఏ రూపంతో మొదలుపెట్టినా అక్కడికే చేరుతావు. ఏది వాడాలా అని టెన్షన్ పడే సమయంలో ఏదో ఒకటి వాడేయొచ్చు. నా సలహా అడిగితే, బిందు-వాలు రూపం ఒక్కటి చేతిలో ఉంచుకో. నిట్టనిలువు గీత తప్ప ఏ గీతకైనా అది పనికొస్తుంది.

పరీక్షలో అన్ని గీతలూ అక్షాలను ఇంత ముద్దుగా పూర్ణాంకాల దగ్గర ఖండించవు. కాబట్టి బిందువులను ఎంచుకోవడం గురించి చెప్పాలి. నేను క్లాసులో ఎక్కువగా పోట్లాడేది దీని గురించే. ఒక గీత (−3, −1) గుండా, (5, 5) గుండా పోతోంది అనుకో. వై-అక్షాన్ని ఎక్కడ ఖండిస్తోందో కంటితో చూస్తే ఒకటికి కాస్త పైన అనిపిస్తుంది. ఒకరు 1 అని రాస్తారు, ఒకరు 1.3 అంటారు. కంటిని అంతగా నమ్మొద్దు. గీత సరిగ్గా గళ్ల మూల మీదుగా పోయే బిందువులు రెండు వెతుకు. అవే ఈ రెండూ. (−3) నుంచి 5 దాకా వేలితో గళ్లు లెక్కపెట్టు, ఎనిమిది. తీసివేతలో 5 − 3 = 2 అని వేసేవాళ్లున్నారు, మైనస్ గుర్తు మరిచిపోయి. వేలితో లెక్కపెడితే ఆ తప్పు జరగదు. నిలువుగా −1 నుంచి 5 దాకా ఆరు. వాలు 6/8, అంటే 3/4. గీత ఎక్కుతోంది, గుర్తు సరిపోయింది. ఇప్పుడు వై = (3/4)ఎక్స్ + సి లో (5, 5) పెట్టు. 5 = 15/4 + సి. సి = 5/4. అంటే 1.25. ఒకటి కాదు, 1.3 కూడా కాదు. చూసి రాసినవాళ్లిద్దరూ దగ్గరికి వచ్చారు గానీ ఇద్దరి గీతలూ వేరే గీతలే.

జవాబు అయిపోయిందని పెన్ను కింద పెట్టకు. ఇంతవరకూ వాడని మూడో బిందువు ఒకటి గీత మీద వెతుకు. (1, 2) దగ్గర గీత మళ్లీ గళ్ల మూల మీదుగా పోతోంది. ఎక్స్ బదులు 1 పెడితే 3/4 + 5/4 = 2. సరిపోయింది. వాడిన బిందువులనే మళ్లీ వేస్తే కూడికల్లో తప్పులు దొరుకుతాయి గానీ, బిందువునే తప్పు చదివి ఉంటే దొరకదు. తప్పు చదివిన బిందువు తన సమీకరణంలో తాను సరిపోతూనే ఉంటుంది. మూడో బిందువు మాత్రం దాన్ని పట్టిస్తుంది.

బిందువులు ఒకదానికొకటి దూరంగా ఉండేలా తీసుకో. ఎందుకో ఇదే గీత మీద చూడు. దగ్గరగా (1, 2), (2, 2.75) తీసుకున్నావనుకో. రెండోదాని ఎత్తును 3 అని చదివావు, పావు యూనిట్ తేడాతో. వాలు 1 వస్తుంది. అసలు వాలు 0.75. అదే పావు యూనిట్ పొరపాటు దూరపు బిందువు దగ్గర జరిగి 5ను 5.25 అని చదివితే వాలు 6.25/8, అంటే 0.78. చదవడంలో పొరపాటు అంతే, ఫలితంలో తేడా మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోయింది. సైన్స్ ల్యాబ్‌లో రీడింగులు తీసుకుని గ్రాఫ్ గీసి వాలు కట్టేటప్పుడు కూడా త్రిభుజం పెద్దదిగా వేయమని చెప్పేది ఇందుకే.

ఇంకొక గుంట ఉంది, అందులో బాగా చదివేవాళ్లు కూడా పడతారు. అది స్కేలు. ఉష్ణోగ్రతల గ్రాఫ్ ఒకటి ఊహించుకో. అడ్డంగా సెల్సియస్, ఒక గడికి 10 డిగ్రీలు. నిలువుగా ఫారన్‌హీట్, ఒక గడికి 20 డిగ్రీలు. నీరు గడ్డకట్టే చోట (0, 32), మరిగే చోట (100, 212). రెండింటినీ కలిపితే సరళరేఖ. గళ్లు లెక్కపెడితే అడ్డంగా పది, నిలువుగా తొమ్మిది. వాలు 9/10 అనిపిస్తుంది. కానీ అవి గళ్లే. విలువలు తీసుకుంటే అడ్డంగా 100, నిలువుగా 212 − 32 = 180. వాలు 180/100, అంటే 9/5. గళ్ల లెక్కకు సరిగ్గా రెట్టింపు. ఇందాక వేలితో లెక్కపెట్టమన్నాను కదా, అది రెండు అక్షాల మీదా ఒక గడికి ఒక యూనిట్ ఉన్నప్పుడు మాత్రమే. ముందు అక్షాల మీద రాసిన అంకెలు చదివి, తర్వాతే గీతను చూడు. కోణం ఎంత ఏటవాలుగా కనబడుతోందన్నది స్కేలును బట్టి మారిపోతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

సమీకరణం ఫారన్‌హీట్ = (9/5) × సెల్సియస్ + 32. ఈ వాలుకు ఒక అర్థం ఉంది చూడు. సెల్సియస్‌లో ఒక డిగ్రీ పెరిగితే ఫారన్‌హీట్‌లో 1.8 డిగ్రీలు పెరుగుతుంది. మూడో బిందువుగా 37 వేస్తే 98.6 వస్తుంది, థర్మామీటర్ల మీద చూసే ఉంటావు. −40 వేస్తే −40 వస్తుంది. రెండు కొలతలూ కలిసే చోటు అదొక్కటే.

ఇదే గ్రాఫ్‌ను కొందరు అడ్డం అక్షం 20 నుంచి మొదలుపెట్టి గీస్తారు, కాగితం ఆదా కోసం. అప్పుడు గీత ఎడమ అంచును 68 దగ్గర తాకుతుంది. చూడగానే సి = 68 అని రాసేయాలనిపిస్తుంది. అది తప్పు. ఆ అంచు దగ్గర ఎక్స్ సున్నా కాదు, 20. సి అనేది ఎక్స్ సున్నా అయిన చోటిదని ఇందాక చెప్పుకున్నాం కదా. అలా 68 రాస్తే నీరు 248 ఫారన్‌హీట్ దగ్గర మరుగుతుందని వస్తుంది. 100 వేసి చూసుంటే అక్కడే దొరికిపోయేది. అక్షాలు సున్నా దగ్గర కలవని గ్రాఫ్ కనబడితే అంచును వదిలేసి, రెండు బిందువులతో లెక్క కట్టు.

అడ్డంగా, నిలువుగా ఉండే గీతల గురించి నువ్వు అడగలేదు గానీ రెండు మాటలు. ఎక్స్-అక్షానికి సమాంతరంగా 3 ఎత్తులో పోయే గీత సమీకరణం వై = 3. దాని మీద ఏ బిందువుకైనా ఎత్తు మూడే, ఎక్స్ ఎంతైనా ఫర్వాలేదు. అందుకే ఎక్స్ ఆ షరతులో కనబడదు. నిట్టనిలువుగా 4 దగ్గర ఉన్న గీత ఎక్స్ = 4. ఇక్కడ ఎక్స్ పెరగనే పెరగదు కాబట్టి ఒకటి పెరిగితే ఎంత అన్న ప్రశ్నకు చోటు లేదు, భాగహారంలో కింద సున్నా వస్తుంది. ఆ గీతకు వాలు నిర్వచించబడదు. వై = ఎమ్ × ఎక్స్ + సి రూపంలో దాన్ని రాయలేం. అందుకే పుస్తకాలు జవాబులను 3ఎక్స్ + 2వై = 12 తరహాలో ఇవ్వడానికి ఇష్టపడతాయి. ఆ రూపంలో నిలువు గీతలు కూడా ఇముడుతాయి.

సాధన ఎలా చేయాలో చెబుతాను. ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టుకో. తను ఒక సమీకరణం మనసులో పెట్టుకుని గీత గీసి ఇస్తుంది. నువ్వు సమీకరణం రాస్తావు. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టి, నువ్వు రాసిన సమీకరణం నుంచి నీకు బాగా వచ్చిన పద్ధతిలో, పట్టిక వేసి, వేరే కాగితం మీద గీత గీయి. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. అక్షాలు కలిపి చూస్తే గీతలు కలిశాయో లేదో కనబడుతుంది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇలా రోజూ మూడు గీతలు చేసేది. రెండో వారానికి కాగితం పైకెత్తే ముందే ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పేసేది. కలవకపోతే ఎలా కలవలేదో కూడా చూడాలి. వాలు ఒకటే ఉండి పైకో కిందికో జరిగితే సి తప్పింది. వై-అక్షం దగ్గర కలిసి తర్వాత విడిపోతే వాలు తప్పింది. అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగితే గుర్తు తప్పింది.

నీకు ఒక గీత ఇస్తున్నాను. (−2, 7) గుండా, (4, −2) గుండా పోతుంది. ఎక్స్-అక్షాన్ని పూర్ణాంకం దగ్గర ఖండించదు, కాబట్టి అక్కడ కంటితో చదవకు. ముందు గుర్తు, తర్వాత వాలు, ఆ తర్వాత సి. అయ్యాక (2, 1) వేసి సరిచూసుకో. ఆ గీతను మన మొదటి గీత ఉన్న కాగితం మీదే గీసి, రెండింటినీ ఎంత దూరం పొడిగిస్తే కలుస్తాయో వెతుకు. నీకు ఏం కనిపించిందో, అది రెండు సమీకరణాల్లో ఎక్కడ దాగి ఉందో నాకు రాయి.